పేపరు నిండా యుద్ధమే!

పొద్దున్నే పేపరు తెరిస్తే... ఎన్నికల సమరం, మాటల యుద్ధం, జల జగడం! క్రికెట్ పేజీలో దాయాదుల పోరు, సినిమా పేజీలో సంక్రాంతి బరి. ఇంట్లో పిల్లాడికి పరీక్షలొస్తే అదీ యుద్ధమే.

అసలు యుద్ధమంటే? ఎదురుగా శత్రువుండాలి, ఏదో ఒకనాటికి ముగియాలి. 1971 డిసెంబరు 3న మొదలైన భారత్-పాక్ యుద్ధం 16న ఢాకాలో పాక్ సేనల లొంగుబాటుతో ముగిసింది. పట్టింది 13 రోజులే. సరిగ్గా వారానికి, డిసెంబరు 23న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టంపై సంతకం చేశారు. 'క్యాన్సర్‌పై యుద్ధం'గా దానికి పేరొచ్చింది. 50 ఏళ్లు దాటినా అది ముగియలేదు! 1964లో లిండన్ జాన్సన్ పేదరికంపై, 2001లో జార్జ్ బుష్ ఉగ్రవాదంపై యుద్ధం ప్రకటించారు. పేదరికం వచ్చి సంతకం పెట్టి లొంగిపోదుగా!

మాటేగా, పోనిద్దురూ అంటారా? 'క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయారు' అని మనమే అంటుంటాం. అంటే, పోయినవారు సరిగా పోరాడలేదనా? ఆ జబ్బును స్వయంగా అనుభవించిన అమెరికా రచయిత్రి సుసాన్ సోంటాగ్ 1978లోనే ఈ యుద్ధభాషను తప్పుపడుతూ ఓ పుస్తకం రాశారు. రోగికి కావాల్సింది కత్తీ డాలూ కాదు... వేళకు పరీక్షలు, మందులు, పక్కన ఓ మనిషి.

అన్నట్టు, రేపు పిల్లాడు పరీక్షకు బయల్దేరితే వీరతిలకం దిద్దకండి. 'పరీక్షేగా, రాసేసి రా నాన్నా' అనండి చాలు!