ముద్దుల పిల్లి... మొండి తామర

పాప మెడ మీద గుండ్రటి ఎర్రమచ్చ. వారం తిరిగేసరికి అమ్మ చేతిమీదా అదే. మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబు రాస్తే దురద తగ్గింది, మచ్చ మాత్రం పెద్దదైంది. స్టెరాయిడ్ కలిసిన క్రీముల తీరే అంత!

ఇంతకీ జబ్బు ఎక్కడిది? సోఫా కింద నిద్రపోతున్న పిల్లికూనది. పెంపుడు జంతువుల నుంచి సోకే తామరకు ఎక్కువగా కారణం మైక్రోస్పోరమ్ కేనిస్ అనే ఫంగస్. పేరులో కుక్క ఉన్నా, ఎక్కువగా మోసేది పిల్లే. ఒంటిమీద మచ్చ కనిపించకపోయినా అంటించగలదు. కాబట్టి ఇంట్లోని జంతువులన్నిటినీ పశువైద్యుడికి చూపించాలి. రాలిన వెంట్రుకల్లో ఫంగస్ నెలల తరబడి బతుకుతుంది. రోజూ ఊడ్చి తుడవాలి, దుప్పట్లు విడిగా ఉతకాలి. పిల్లలకు మాడు మీద వస్తే పూత మందు చాలదు, డాక్టరు రాసిన మాత్రలు వాడాల్సిందే. కూనను వీధిలో వదిలెయ్యక్కర్లేదు. కొన్ని వారాలు ఓ గదిలో ఉంచి మందు వాడితే దానికీ తగ్గిపోతుంది.