ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజరు

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అమెరికా సంయుక్త రాష్ట్రాల లోని వయోమింగ్ రాష్ట్రంలో, ఎల్లోస్టోన్ జాతీయ వనంలో ఉన్న ఒక గీజరు. వేడి నీటిని, ఆవిరిని ఉండి ఉండి ఆకాశంలోకి ఎగజిమ్మే సహజసిద్ధమైన బుగ్గను గీజరు అంటారు. ఐస్‌లాండ్ లోని గేసిర్ అనే బుగ్గ పేరు నుండి ఈ మాట వచ్చింది. స్నానాల గదిలో నీళ్ళు కాచే పరికరానికీ ఇదే పేరు స్థిరపడింది.

పేరు, చరిత్ర

1870 సెప్టెంబరులో వాష్‌బర్న్ అన్వేషక బృందం ఈ బుగ్గను చూసి, ఇది క్రమం తప్పకుండా చిమ్మడం గమనించి, "నమ్మకమైన పాత నేస్తం" అనే భావం వచ్చేలా ఈ పేరు పెట్టింది. 1872లో ఎల్లోస్టోన్ జాతీయ వనంగా ఏర్పడింది. 1978లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

పనిచేసే విధానం

వాన నీరు, మంచు కరిగిన నీరు నేలలోకి ఇంకి, లోతున వేడెక్కిన రాళ్ళను చేరుతాయి. పైనున్న నీటి బరువు వలన అడుగు నీరు మామూలు మరుగు స్థానాన్ని దాటినా వెంటనే ఆవిరి కాదు. పైభాగం నుండి కొంత నీరు పొర్లిపోగానే ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు అడుగున ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరిగా మారి, పైనున్న నీటినంతా ఇరుకైన దారి గుండా బయటకు నెట్టివేస్తుంది.

నీరు 32 నుండి 56 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఒక్కొక్క విస్ఫోటనం ఒకటిన్నర నుండి అయిదు నిమిషాల పాటు సాగుతుంది. అందులో సుమారు 14,000 నుండి 32,000 లీటర్ల నీరు వెలువడుతుంది.

సమయం అంచనా

ఇది గడియారం వలె సరిసమానమైన వ్యవధిలో చిమ్ముతుందనేది ఒక అపోహ. విస్ఫోటనం రెండున్నర నిమిషాల లోపు ముగిస్తే తరువాతిది సుమారు గంటకు, అంతకంటే ఎక్కువసేపు సాగితే సుమారు గంటన్నరకు వస్తుంది. ఎక్కువ నీరు ఖర్చయితే లోపలి గొట్టాలు తిరిగి నిండి వేడెక్కడానికి ఎక్కువ కాలం పట్టడమే ఇందుకు కారణం. ఈ లెక్క ఆధారంగా వనం సిబ్బంది తరువాతి సమయాన్ని పది నిమిషాలు అటూ ఇటూగా ముందే ప్రకటిస్తారు.

1959లో వచ్చిన హెబ్‌గెన్ సరస్సు భూకంపం తరువాత ఈ వ్యవధి పెరిగింది. గీజరు దిబ్బపై దొరికిన పురాతన కలపను పరిశీలించిన శాస్త్రవేత్తలు, 13, 14వ శతాబ్దాలలో తీవ్రమైన కరువు కాలంలో ఇది కొన్ని దశాబ్దాలు పూర్తిగా ఆగిపోయిందని 2020లో వెల్లడించారు. నీరు తగ్గితే ఈ బుగ్గ మళ్ళీ మూగబోవచ్చును.

సందర్శన

గీజరు చుట్టూ చెక్క నడకదారి, కూర్చొనడానికి బల్లలు ఉన్నాయి. వనం ప్రవేశానికి టికెట్టు తీసుకోవాలి. గీజరు చూడడానికి వేరే రుసుము లేదు. సమీపంలో రాబర్ట్ రీమర్ రూపకల్పన చేసిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అనే దుంగల హోటలు ఉంది. ఇది 1904లో ప్రారంభమైంది. వేసవిలో రద్దీ అధికం. చలికాలంలో వనం లోని చాలా రోడ్లు మామూలు వాహనాలకు మూసివేయబడతాయి. అప్పుడు మంచుపై నడిచే వాహనాలలో ఇక్కడికి చేరుకోవాలి.

జాగ్రత్తలు

నడకదారి దిగడం చట్టవిరుద్ధం. గట్టిగా కనిపించే నేల చాలాచోట్ల పలుచని పెంకు మాత్రమే. దాని క్రింద సలసల కాగే నీరు ఉంటుంది. ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో పడి ఇంతవరకు 20 మందికి పైగా మరణించారు. అడవిదున్నలకు కనీసం 23 మీటర్లు, ఎలుగుబంట్లకు, తోడేళ్ళకు 91 మీటర్ల దూరంలో ఉండాలి.

బుగ్గలలో నాణేలు, రాళ్ళు వేయరాదు. ఇక్కడికి దగ్గరలో ఉన్న మార్నింగ్ గ్లోరీ బుగ్గ ఒకప్పుడు నీలిరంగులో ఉండేది. సందర్శకులు వేసిన వస్తువులు దారిని పూడ్చగా నీటి వేడి తగ్గి, వేడి కొంత తక్కువగా ఉన్నచోట పెరిగే సూక్ష్మజీవులు లోనికి వ్యాపించాయి. దానితో అంచుల నుండి పసుపు, నారింజ రంగులు కమ్ముకున్నాయి.