సిగ్నల్ వచ్చింది.. తెలుగు వచ్చిందా?

ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తే ప్రపంచమంతా చేతికి అందినట్టే అనుకుంటున్నాం. నాట్రంపల్లి, వాణియంబాడి, గుడియాత్తం ప్రాంతాల్లో తెలుగు చదివే పిల్లల తల్లిదండ్రులుగా, ఉపాధ్యాయులుగా మనం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆ సిగ్నల్ మన పిల్లలకు ఏ భాషను మోసుకొస్తోంది?

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో 550 కోట్ల మందికి ఇంటర్నెట్ అందింది. మరో 260 కోట్ల మందికి అందలేదు. పట్టణాల్లో 83 శాతం మంది వాడుతుంటే పల్లెల్లో 48 శాతమే. మన రాష్ట్రంలో ఈ తేడా తగ్గించడానికే భారత్‌నెట్ రెండో దశ కింద 12,525 గ్రామ పంచాయతీలకు ఫైబర్ కేబుల్ వేసే పనిని తమిళనాడు ఫైబర్‌నెట్ సంస్థ చేపట్టింది. మంచిదే. కానీ కేబుల్ వచ్చినంత మాత్రాన చదువు రాదు.

కుప్పం నేర్పిన పాఠం

ఇందుకు ఉదాహరణ మన పక్కనే ఉంది. జోలార్‌పేటలో బెంగళూరు రైలెక్కితే దారిలో వచ్చే కుప్పంలో 2002లో హెచ్‌పీ సంస్థ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచారు. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు సమకూర్చారు. ఫొటో తీసి అక్కడికక్కడే ప్రింటు ఇస్తూ వారు నాలుగు డబ్బులు సంపాదించారు. మూడేళ్ల గడువు తీరాక సంస్థ తప్పుకుంది. తర్వాత ఆ కేంద్రాలు అదే ఊపుతో సాగలేదు. ఊరి అవసరానికి పనికొచ్చినంత కాలమే యంత్రానికి విలువ. ఇచ్చినవారు వెళ్లాక నడిపేవారు ఊళ్లోనే ఉండాలి.

‘ఉచితం’ అన్న మాట సంగతీ చూద్దాం. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఆరు రాష్ట్రాల్లో డేటా ఖర్చు లేని ఇంటర్నెట్ అందించాయి. అయితే అందులో కనిపించినవి ఎంపిక చేసిన కొన్ని సైట్లే. పేదవాడికి ఒక ఇంటర్నెట్, ఉన్నవాడికి మరొకటా అన్న విమర్శలు వచ్చాయి. చూసే సైటును బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఆదేశించింది.

దొరికేవి ఉన్నాయి

తమిళం మనం బతికే నేల భాష. పిల్లలు బాగా నేర్చుకోవాల్సిందే. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగును నిలుపుకోవడానికి మన వంతు శ్రమ పెరిగింది. ఆ శ్రమలో ఇంటర్నెట్ నిజంగా తోడు రాగలదు. తమిళనాడు ప్రభుత్వ తెలుగు పాఠ్యపుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు తెలుగులో ఉన్నాయి, ప్రింటు తీసి తరగతిలో పంచవచ్చు. మాటకు అర్థం తెలియకపోతే ఆంధ్రభారతి నిఘంటువులో వెతకవచ్చు.

అయితే ఇవి వాటంతట అవి మన ముందుకు రావు. దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 2011 లెక్కల ప్రకారం 8.11 కోట్ల మంది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో మాత్రం తెలుగు వాటా ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. పిల్లవాడి చేతికి ఫోనిచ్చి వదిలేస్తే ఒక వీడియో వెనుక మరొకటి వస్తూనే ఉంటుంది. అవి వినోదం పంచుతాయేమో గానీ ఒత్తులు, గుణింతాలు నేర్పవు. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటు ముదిరితే పరీక్షలో చేయి కదలదు. ఆంధ్ర, తెలంగాణ ఉపాధ్యాయుల పాఠాలు యూట్యూబ్‌లో ఎన్నో ఉన్నా, వారి సిలబస్ వేరు, మన పిల్లలు రాసే పరీక్ష వేరు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే ముందు అబ్బాయికి, మిగిలితే అమ్మాయికి అన్న పద్ధతి కూడా మనం మార్చుకోవాల్సిందే.

మనం చేయగలిగేవి

- ఇంట్లో ఫోను కీబోర్డులో తెలుగు పెట్టండి. అమ్మమ్మకో మేనమామకో వారానికి ఒక సందేశం తెలుగు అక్షరాల్లోనే పంపించండి.
- చూసిన కథను నోటుపుస్తకంలో ఐదు వాక్యాల్లో రాయించండి. పెద్దలు తెలుగు చదవలేకపోతే పిల్లలచేత పైకి చదివించి వినండి.
- ఉపాధ్యాయులు పాఠానికి సరిపోయే వీడియోలను ముందే చూసి, మన సిలబస్‌కు తగినవే వాట్సాప్ గ్రూపులో పెట్టండి.
- పాఠశాల నిర్వహణ కమిటీ సమావేశంలో రెండు ప్రశ్నలు అడగండి. బడికి సొంత కనెక్షన్ ఉందా, లేక ఉపాధ్యాయుల ఫోన్లతోనే నడుస్తోందా? పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే పాఠం తెలుగులో ఉందా?

రెండో ప్రశ్నకు జవాబు ‘లేదు’ అని వస్తే, ఆ పాఠం పేరు, తరగతి, పేజీ నంబరు రాసి విద్యాశాఖకు అర్జీ ఇద్దాం. నాట్రంపల్లిలో ఒక్క బడి మొదలుపెట్టినా, గుడియాత్తం బడికి అదే కాగితం పనికొస్తుంది.