టావీ వర్సెస్ ఓపెన్ సర్జరీ: పెద్దవాళ్ల గుండె వాల్వ్‌కి ఏది బెటర్?

గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే తలుపే అయోర్టిక్ వాల్వ్. వయసు పైబడితే కొందరిలో దాని మీద కాల్షియం పేరుకుపోయి సరిగ్గా తెరుచుకోదు. ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం మొదలవుతాయి. మందులతో ఇది బాగవదు, వాల్వ్ మార్చాల్సిందే. 78 ఏళ్ల మా అమ్మమ్మకి డాక్టర్ గారు రెండు ఆప్షన్లు చెప్పారు. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. చదివి అర్థం చేసుకున్నది ఫోన్ల కంపారిజన్ లాగే చెప్తాను.

ఎలా చేస్తారు?

ఓపెన్ సర్జరీలో ఛాతీ ఎముక కోసి, గుండెను ఆపి, పాత వాల్వ్ తీసేసి కొత్తది కుడతారు. టావీలో ఎక్కువగా తొడ దగ్గరి రక్తనాళం గుండా, మడిచిన వాల్వ్‌ని పంపి పాతదాని లోపలే తెరుస్తారు. కొన్ని వాల్వ్‌లు బెలూన్‌తో విచ్చుకుంటాయి. నిటినాల్ ఫ్రేమ్ ఉన్నవైతే ఒంటి వేడికి వాటంతటవే విచ్చుకుంటాయి. మనిషికి మొదటిసారి 2002లో ఫ్రాన్స్‌లో అలెన్ క్రిబియే ఇలా అమర్చారు. మన దేశంలో మెరిల్ కంపెనీ చేసే మైవాల్‌లో 20, 21.5, 23 మిల్లీమీటర్లు, ఇలా మధ్య సైజులు కూడా ఉన్నాయి.

నంబర్లు ఏం చెప్తున్నాయి?

సర్జరీ రిస్క్ తక్కువున్న 1,000 మంది మీద చేసిన పార్ట్‌నర్ 3 స్టడీ ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడాదిలో మరణం, స్ట్రోక్, మళ్లీ హాస్పిటల్‌లో చేరడం కలిపి టావీలో 8.5 శాతం, సర్జరీలో 15.1 శాతం. ఐదేళ్లకి అవి 22.8, 27.2 అయ్యాయి. ఆ తేడా గణాంకాల పరంగా తేల్చి చెప్పేంతది కాదు. అంటే టావీ స్టార్టింగ్‌లో క్లియర్‌గా ముందుంది, తర్వాత గ్యాప్ తగ్గింది.

మైనస్‌లు

టావీలో వాల్వ్ అంచుల నుంచి లీక్, కొందరికి పేస్‌మేకర్ అవసరం. సర్జరీలో కోలుకోవడానికి వారాలు, ఎక్కువ రక్తస్రావం, గుండె లయ తప్పే అవకాశం.

అసలు స్పెక్: వయసు

టిష్యూ వాల్వ్ సాధారణంగా 10-15 ఏళ్లు వస్తుందంటారు. 80 ఏళ్ల వాళ్లకి ఒక్కటి సరిపోవచ్చు. 62 ఏళ్ల వాళ్లకి రెండోది కావాల్సి రావచ్చు. ఒక టావీ వాల్వ్‌లో ఇంకోటి పెడితే దారి ఇరుకవుతుంది, గుండెకి రక్తమిచ్చే నాళాల ద్వారాలు మూసుకుపోయే రిస్క్ కూడా ఉంది. అందుకే 2020 అమెరికా గైడ్‌లైన్స్ 65 లోపు సర్జరీ, 80 దాటితే టావీ అంటాయి. మధ్యలో ఉన్నవాళ్లు డాక్టర్లతో మాట్లాడి తేల్చుకోవాలి. వేరే బ్లాక్‌లు, ఇంకో వాల్వ్ సమస్య ఉంటే అన్నీ ఒకేసారి సరిచేసే సర్జరీ నయం కావచ్చు.

కాబట్టి "కోత లేదు కదా" అని టావీకో, "పాత పద్ధతే గట్టిది" అని సర్జరీకో ఫిక్స్ అవ్వకండి. కార్డియాలజిస్ట్, సర్జన్ ఇద్దర్నీ అడగండి: సీటీ స్కాన్‌లో కొలతలు టావీకి సరిపోయాయా? ఈ వాల్వ్ పాడైతే తర్వాతి ప్లాన్ ఏంటి? రెండో ప్రశ్నకి జవాబు విన్నాకే సంతకం పెట్టండి.