మెంటర్, మేస్త్రీ, తోడు

పోయిన సెమిస్టర్‌లో మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు నన్ను ఐదుగురు ఫస్టియర్ పిల్లలకి స్టూడెంట్ మెంటర్‌ని చేశారు. నెలకోసారి ఒక షీట్‌లో వాళ్ళ హాజరు, మార్కులు రాసి సంతకం పెట్టించడం నా పని. బుద్ధిగా చేశాను. ఒకరోజు రాత్రి ఆ ఐదుగురిలో ఒకడి రూమ్మేట్ నా గదికొచ్చి, "అన్నా, వాడు బ్యాగ్ సర్దుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఇంక రాడంట. నేనే బస్టాండ్ దాకా వెళ్ళి ఎక్కించొచ్చా" అన్నాడు. నా షీట్‌లో మాత్రం వాడి పేరుకెదురుగా "సంతృప్తికరం" అని ఉంది.

నిద్ర పట్టక, అసలు మెంటర్ అంటే ఏమిటో వెతికాను. అది హోమర్ 'ఒడిస్సీ'లో ఒక మనిషి పేరు. ఒడిసియస్ ట్రాయ్ యుద్ధానికి వెళ్తూ తన ఇల్లు అప్పగించిన స్నేహితుడు. తమాషా ఏంటంటే, ఒడిసియస్ కొడుకు టెలిమాకస్‌కి నిజంగా దారి చూపించింది ఎథీనా దేవత. మెంటర్ రూపం వేసుకుని, అతనితోపాటు ఓడెక్కి పైలోస్ దాకా వెళ్ళింది. అసలు మెంటర్ ఊళ్ళోనే ఉండిపోయాడు. అచ్చం నాలాగే!

అక్కణ్ణుంచి ఈ జాతి మాటలన్నీ తవ్వడం మొదలుపెట్టాను. చూస్తే వీటిలో రెండు గుంపులున్నాయి.

మొదటిది కళ్ళ గుంపు. సూపర్‌వైజర్ అంటే లాటిన్‌లో పైనుంచి చూసేవాడు. మన పర్యవేక్షకుడిలో ఉన్న "ఈక్షణం" కూడా చూపే. తమిళం నుంచి వచ్చిన కంగాణిలో "కణ్" అంటే కన్ను. ఇన్విజిలేటర్ అంటే మెలకువగా ఉండి కాపలా కాసేవాడు (మధ్యాహ్నం సెషన్‌లో ఇది నమ్మడం కష్టమే). అజమాయిషీకి పార్శీ మూలంలో అర్థం పరీక్షించడం. వీళ్ళందరూ చూస్తారు. మనతో నడవాలని రూలేం లేదు.

రెండోది బండి గుంపు. హంగరీలో కోచ్ అనే ఊళ్ళో తయారైన గుర్రబ్బండికి ఆ ఊరి పేరే వచ్చింది. 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమని పరీక్ష గట్టెక్కించే ట్యూటర్ని సరదాగా "కోచ్" అన్నారు, బండిలా మోసుకెళ్తాడని. మన సారథి ఇంకా బాగుంటాడు. "సరథ" నుంచి వచ్చిన మాట అది, అంటే అదే రథం మీద ఉన్నవాడు. బాణం వస్తే ఇద్దరికీ వస్తుంది.

ఈ రెండు గుంపుల మధ్య మేస్త్రీ ఉన్నాడు. మాట పోర్చుగీసుది, "మాస్టర్"కి చుట్టం. ఇప్పుడు మనకి ఇల్లు కట్టేచోట కనిపిస్తాడుగానీ, బ్రిటిష్ వాళ్ళ కాలంలో కోస్తా ఊళ్ళ నుంచి కూలీలని ఓడెక్కించి రంగూన్ తీసుకెళ్ళిందీ మేస్త్రీలే. ముందు అడ్వాన్సిచ్చేవాడు, వెంట తీసుకెళ్ళేవాడు, పని చూపించేవాడు, పైన నిలబడి చేయించేవాడు, ఆ అప్పు కూలిలో పట్టుకునేవాడు. మలయా రబ్బరు తోటల్లో కంగాణీలదీ ఇదే పద్ధతి. అంటే వెంట వచ్చిన ప్రతివాడూ మనవాడని కాదు. మనం దిగిపోవాలనుకున్నప్పుడు దిగనిస్తాడా లేదా అన్నదీ చూడాలి.

ఇక చివరికి మిగిలింది మన "తోడు". తోడబుట్టినవాళ్ళు, తోడికోడళ్ళు, తోడల్లుళ్ళు... ఎక్కడా పైనా కిందా లేదు, పక్కనే. చిన్నప్పుడు మా అమ్మమ్మ పక్కూరెళ్తుంటే ఆరేళ్ళ నన్ను తోడు పంపేవాళ్ళు. దారి తెలిసింది ఆవిడకి, డబ్బులు ఆవిడ దగ్గర, దాహమేసి ఏడ్చేది నేను. అయినా తోడు నేనే! తోడుకి అర్హత ఒక్కటే, పక్కన ఉండటం. పాలల్లో వేసే ఆ చెంచాడు పెరుగునీ తోడే అంటాం. గిన్నె బయట ఉంచితే అది ఎన్నాళ్ళైనా పాలని పెరుగు చెయ్యలేదు. స్కూల్లో బట్టీ పట్టిన విభక్తులు గుర్తున్నాయా? "చేతన్, చేన్, తోడన్, తోన్". మనం "నాతో రా" అన్న ప్రతిసారీ ఆ "తో"లో తోడు ఉంటుంది.

మర్నాడు ఆ రూమ్మేట్‌ని వెంటబెట్టుకుని వాడి ఊరెళ్ళాను. సలహాలేం ఇవ్వలేదు, నా దగ్గర లేవు కూడా. వాళ్ళమ్మగారు అన్నం పెట్టారు, తిన్నాం. మ్యాథ్స్ అర్థం కావట్లేదని, అడగడానికి సిగ్గేసిందని వాడే చెప్పాడు. వారం తర్వాత తిరిగొచ్చాడు. ఆ పేపర్ ఇంకా పాసవ్వలేదు. ఇప్పుడు రోజూ రాత్రి ముగ్గురం కూర్చుని లెక్కలు చేస్తున్నాం, నాకూ సగం మర్చిపోయినవే.

షీట్ ఇంకా నింపుతూనే ఉన్నాను. కాకపోతే ఒక సందేహం మిగిలింది. బస్టాండ్ దాకా వచ్చి బస్సెక్కించి, అది కదిలేదాకా నిలబడే ఆ రూమ్మేట్ లాంటి మనిషికి మీ ఊళ్ళో ప్రత్యేకంగా ఏదైనా పేరుందా? "సాగనంపడం" అనే పని తెలుసుగానీ, ఆ మనిషికి మాట నాకు దొరకలేదు. తెలిస్తే క్లబ్‌కి రాసి పంపండి.