సర్కారు తుమ్మ: నరికితే పోదు, తవ్వితే పోతుంది



ఒకసారి మీ ఊరి చెరువు శిఖంలోకి నడిచి చూడండి. నీళ్లు తగ్గగానే గరిక మొలిచి గొడ్లు మేసిన ఆ చోట, ఇప్పుడు మనిషి దూరే సందులేకుండా ముళ్లకంప అల్లుకొని ఉన్నదా? అయితే ఈ మాటలు మీకోసమే. కరీంనగర్ చెరువుల కిందనైనా, ఆదిలాబాద్ మైదాన గ్రామాల్లోనైనా ఈ చెట్టును సర్కారు తుమ్మ అంటాము.

పేరు తుమ్మే గాని ఇది మన తుమ్మ కాదు. మన నల్ల తుమ్మ పూలు పచ్చగా, చిన్న బంతుల్లా గుండ్రంగా ఉంటాయి. కాయ పూసలదండలాగ నొక్కులు నొక్కులుగా ఉంటుంది. సర్కారు తుమ్మ పూత కంకిలాగ పొడుగ్గా వేలాడుతుంది. కాయ పండితే పసుపు తిరిగి తియ్యగా ఉంటుంది. నిజానికి ఇది జమ్మికి దాయాది. కాని దసరానాడు మనం మొక్కే జమ్మి, 2014లో మన రాష్ట్ర వృక్షమైన జమ్మి, ఈ నేలలో పుట్టినది. దీనికి కణుపుల నడుమ కొమ్మ పొడుగునా పొట్టి ముళ్లుంటాయి. సర్కారు తుమ్మకు కణుపు దగ్గర పొడుగు ముళ్లుంటాయి. కంప కొట్టే తొందరలో జమ్మిమీద గొడ్డలి వేయకండి.

మరి ఈ చెట్టు ఎక్కడిది? మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం దీని పుట్టిల్లు. మన దేశంలో 1877 ప్రాంతంలో, మద్రాసు ప్రభుత్వ అటవీశాఖ పూనికతో, కడప సీమలో మొదట అడుగుపెట్టింది. వానలు తక్కువైన నేలల్లో వంటచెరకు దొరకాలని తెప్పించారు. ఆలోచన చెడ్డది కాదు. నేటికీ ఎందరో పేదల పొయ్యిలోకి కట్టె ఇదే, బొగ్గు బట్టీలకు మొద్దులూ ఇవే. ఆ మేలును కాదనలేము. చిక్కు ఏమిటంటే, నాటిన చోట అది నిలువలేదు.

ఎట్లా పాకిందో తెలిస్తే, ఎట్లా ఆపాలో కూడా తెలుస్తుంది. ఎండాకాలం మేత లేనప్పుడు మేకలు, గొర్లు, ఎడ్లు ఈ తియ్యని కాయలను ఇష్టంగా తింటాయి. గింజపై పొర చాలా గట్టిది. చాలా గింజలు కడుపులో అరగక పేడతో బయటపడతాయి. అంటే విత్తేది మన పశువే, ఎరువు వేసేదీ మన పశువే! వాగులూ వరదలూ మిగతా పని చేస్తాయి. గింజ భూమిలో ఏండ్ల తరబడి చెడకుండా ఉంటుంది.

ఇక గొడ్డలి సంగతి. నేలమట్టానికి నరికితే చెట్టు చచ్చిందనుకుంటాము. దాని మొగ్గలు మొదలు చుట్టూ మన్నులో దాగి ఉంటాయి. వాన పడగానే ఒక్క మొద్దు నుండి పది కొమ్మలు లేస్తాయి. ఒంటి చెట్టును మనమే గుంపు పొద చేస్తున్నామన్న మాట. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఎన్నో చెరువుల పూడిక తీశారు, కట్టలు బాగుచేశారు. అయినా మొదలు మిగిలిన చోట కంప తిరిగి రాక మానదు.

నష్టం ముళ్లు గుచ్చుకోవడంతో తీరదు. దట్టమైన కంప కింద గడ్డి బతకదు. బంచరాయి పోతే మందకు మేత పోయినట్టే. కట్టలో దిగిన వేరు ఎండి కుళ్లితే ఆ బొరియవెంట నీరు ఊరుతుంది, చివరకు గండికి దారి తీయవచ్చు. ఈ కుటుంబపు చెట్టు వేరు అమెరికాలోని అరిజోనాలో ఒక గనిలో 53 మీటర్ల లోతున కనబడింది. మన బావి నీరు దానికి అందదని అనుకోవద్దు.

ఇది మన ఒక్కరి గోస కాదు. గుజరాత్‌లోని బన్నీ గడ్డి మైదానంలో ఉప్పునేల పాకకుండా 1960ల తొలినాళ్లలో దీనిని నాటారు. అది పచ్చికనే మింగింది. అక్కడివారు దానికి పెట్టిన పేరు 'గాండో బావళ్', అంటే పిచ్చి తుమ్మ. ఆఫ్రికాలో కెన్యా దేశపు బారింగో ప్రాంతం వారైతే తమ ప్రభుత్వం మీదనే దావా వేసి, ఈ కాయలు తిని పళ్లు ఊడిన మేకను కోర్టుకు తోలుకొని వచ్చారు.

ఇక మనం చేయవలసిన పని:

మొదటిది, మొలకగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. తొలకరి తరువాత నేల మెత్తగా ఉండగా వేరుతో సహా పీకాలి. చెరువు మన్ను తోలుకున్న చేనును తప్పక చూడాలి.

రెండవది, పెద్ద చెట్టును నరికి ఊరుకోవద్దు. మొదలు చుట్టూ తవ్వి, అడుగు లోతుకు తగ్గకుండా మొద్దును పెకలించాలి. వానలకు ముందే ఈ పని కావాలి. చెరువు కట్టమీద మాత్రం సొంతంగా తవ్వకండి. నీటిపారుదల శాఖ వారిని పిలిచి, గుంతను మన్నుతో దిమ్మిస కొట్టించాలి.

మూడవది, రాలిన కాయలను ఏరండి. గింజతో సహా పిండి పట్టిస్తే మొలక భయం ఉండదు. ఆ పిండిని దాణాలో అయిదో వంతుకు మించకుండా కలపవచ్చు. ఇదే మేతగా పెడితే పశువుకు జబ్బు చేస్తుంది.

నాలుగవది, తీసిన నేలను ఖాళీగా ఉంచకండి. అంజన్ గడ్డి చల్లండి. బంచరాయిలో వేప, కానుగ, మోదుగ పెట్టండి. నీడలో సర్కారు తుమ్మ మొలక ఎదగదు. కనీసం మూడేండ్లు ప్రతి వానాకాలం తిరిగి చూడాలి.

గ్రామసేవకులకు ఒక మాట. ఊరంతా ఒకే ఏడు కొట్టించకండి. కట్టెమీద బతికే ఇంటికి పొయ్యి ఆరకూడదు. ఏటికింత అని పంచాయతీలో తీర్మానం చేయించి, తవ్విన మొద్దు ఆ కైకిలి చేసినవారికే దక్కేటట్టు చూడండి. అడవి హద్దులోనిదైతే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

చివరగా, తొందరగా పెరిగే కొత్త చెట్టును ఎవరైనా తెచ్చి ఇస్తే రెండు ప్రశ్నలు అడగండి. నాటిన చోటనే ఉంటుందా? వద్దనుకున్నప్పుడు పోతుందా? కడపలో ఆనాడు ఈ రెండూ అడిగిన వారు లేకపోయినందుకే నేడు మన చేతిలో గడ్డపార. వచ్చే తొలకరికి ముందే దానిని బయటికి తీయండి.