వరుస కుదిరాకే కర్వులు
శుభలేఖల్లోనైనా, ఫ్లెక్సీల్లోనైనా పేర్లు ఒకే వరుసలో ఉంటేనే అందం. కోరల్‌డ్రాలో ఈ పనిని కంటి అంచనాకు వదలకుండా కీబోర్డు మీటలకు అప్పగించవచ్చు. కావలసిన వాటిని ఎంపిక చేసి ‘ఎల్’ నొక్కితే ఎడమ అంచుకు, ‘ఆర్’ నొక్కితే కుడి అంచుకు, ‘టి’తో పై అంచుకు, ‘బి’తో కింది అంచుకు సర్దుకుంటాయి. ‘పి’ నొక్కితే పేజీ మధ్యకు చేరతాయి. ఒక్కొక్కటిగా ఎంపిక చేసినప్పుడు చివర ఎంచుకున్నదే కొలబద్ద. కనుక కదలకూడని దానిని చివరన ఎంచుకోవాలి.

తెలుగు అక్షరాలకు వత్తులతో చిక్కు వస్తుంది. ‘కమల’, ‘పద్మ’ పేర్లను కింది అంచుల ప్రకారం కలిపితే మ వత్తు అడుగు ‘కమల’ అడుగుతో సమానమై, ‘పద్మ’ పైకి జరిగినట్లు కనిపిస్తుంది. అలైన్ అండ్ డిస్ట్రిబ్యూట్‌లో అక్షరాలకు బేస్‌లైన్‌ను ఆధారంగా ఎంచుకుంటే ఈ తేడా రాదు.

ఫాంట్లు మారిపోకుండా అక్షరాలను కర్వులుగా మార్చి ప్రెస్సుకు పంపడం పరిపాటి. అలా మార్చిన అక్షరాలు కేవలం బొమ్మలు. వాటికి బేస్‌లైన్ ఉండదు. అందువల్ల వరుస సరిచేసిన తరువాతే కంట్రోల్, క్యూ మీటలు నొక్కాలి. కార్డులు అచ్చయిన తరువాత దిద్దుబాటుకు తావుండదు.